ఒక చుట్టు ఎక్కువ

నవ్యా, ఆ డబ్బా చెత్తబుట్టలో వెయ్యకమ్మా. ఇలా తీసుకురా. కుర్చీ ఎందుకు, ఈ మంచం మీదే నా పక్కన కూర్చో. నీ మొగుడు ఆఫీసునుంచి వచ్చేలోపు చెప్పేస్తాను. వాడు ఉంటే ప్రతి మాటకూ అడ్డం వస్తాడు, "అవ్వా, అంత లేదులే" అంటూ.

పెళ్లయి వచ్చి నెల కాలేదు, అప్పుడే అలమర సర్దడం మొదలుపెట్టావు. మంచిదే. "మామ్మగారూ, ఇందులో ఏవో స్ప్రింగులున్నాయండీ, పారేయమంటారా?" అని అడిగావు చూడు, ఆ అడగడమే నాకు నచ్చింది. ఇంకొకళ్లయితే అడగకుండానే పారేసి ఉందురు. మా వైపు అవ్వ అంటారు, మీ వైపు మామ్మ అంటారు, ఎలా పిలిచినా పలుకుతాను గానీ ముందు మూత తియ్యి. ఎన్ని ఉన్నాయి? పది. తొమ్మిది నల్లగా మాడిపోయి ఉన్నాయి. పదోది ఇప్పుడే చేసినట్టు మెరుస్తోంది. అవునా?

ఇవి స్ప్రింగులు కావు, కాయిళ్లు. నా చేత్తో చుట్టాను. నీ మొగుడి ఊపిరి ఉంటుందా, వాళ్ల తాత ఊపిరిలాగే పోతుందా అన్నది ఒక వానాకాలమంతా ఈ పదింటి మీదే నడిచింది.

కరోనాకు ముందు ఏడాది మాట ఇది. అయితే ఆ తాత సంగతి చెప్పకుండా ఇది అర్థం కాదు. నేను, మా ఆయన నారాయణప్ప, అనంతపురం వైపునుంచి వచ్చి బాలానగర్‌లో ఒక రేకుల షెడ్డులో కరెంటు పొయ్యిలకు కాయిళ్లు చుట్టేవాళ్లం. ఇరవై రెండేళ్లు అదే పని. ఉక్కు చువ్వ మీద నైక్రోమ్ తీగ చుట్టాలి, చువ్వనుంచి జార్చి సాగదీయాలి, పొయ్యి పళ్లెం గాడిలో పట్టేలా కూర్చాలి. నాకు చదువు రాదు, అంకెలొచ్చు. తీగ లావు చెప్పే గేజీలు, పొయ్యి వాట్లు చూసిచూసి వచ్చిన అంకెలు. ఇప్పటికీ బస్సు మీద ఊరి పేరు చదవలేను గానీ నంబరు చెప్తాను.

ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. వెలిగించి చూడకుండా ఏ కాయిలూ గడప దాటకూడదు. ఎవరు చుట్టారో వాళ్లే వెలిగించాలి, వాళ్లే చూడాలి. ఎరుపు నడిమధ్యన మొదలై రెండు కొసలకూ సమంగా పాకాలి. ఎక్కడైనా ఒక్కచోట ముందుగా పసుపు మెరుపు వచ్చిందా, అక్కడ చుట్టు సరిగా పడలేదని లెక్క. దాన్ని మేం కన్ను అనేవాళ్లం. కన్ను పడిన కాయిలు నెల తిరక్కుండా తెగుతుంది.

నేను చుట్టిన కాయిలు ఎర్రబడగానే మా ఆయన వంగి, దాని మీదే బీడీ ముట్టించుకునేవాడు. అరిచేదాన్ని. అరిస్తే షెడ్డు వెనక్కి పోయి తాగేవాడు. ఇంకా అరిస్తే ఇంకా దూరం పోయేవాడు. అంతే జరిగింది నా అరుపులవల్ల. చివరి రెండేళ్లు ఆయన ఊపిరి పక్కగదిలోకి వినపడేది, చిల్లు పడిన కొలిమితిత్తిలాగా. అప్పటికి నీ మొగుడు చైతన్యకు పదహారేళ్లు. తాతను తీసుకుపోయిన రోజు నా చెయ్యి పట్టుకుని, "నేను ముట్టను అవ్వా" అన్నాడు. నేను అడగలేదు, వాడే అన్నాడు.

ఇక ఆ ఏడాదికి వస్తాను. మే నెలాఖరు. ఈ గోపన్‌పల్లి ఇంట్లోకి వచ్చి అప్పటికి రెండేళ్లు. వాడికి రాయదుర్గంలో ఉద్యోగం, మధ్యాహ్నం వెళ్లే షిఫ్టు. వాడి గదిలో ఉతికిన చొక్కాలు పెడుతుంటే బ్యాగు వెనక చేతికి ఏదో తగిలింది. చూడకుండానే తెలిసింది నాకు. కన్నబిడ్డ చెయ్యి తగిలితే తెలియదా, అలాగన్నమాట. తీగ చుట్ట.

"ఏమిరా ఇది? నైక్రోమ్ తీగ నీకెందుకు?"

వాడు ఉలిక్కిపడి లేచాడు. "నీకెట్లా తెలుసవ్వా?"

"నాకు తెలీక మీ మేనేజరుకు తెలుస్తాదా? ఇది ఇరవై ఎనిమిది గేజీ. ఆ పక్కనుండేది ఇరవై ఆరు. చూసుకో."

పెట్టె తిప్పి చూసుకున్నాడు. నోరు తెరిచాడు.

"ఆఫీసు పని అవ్వా. చిన్న మిషను. సువాసనను ఆవిరి చేస్తుంది."

"అగరొత్తు మాదిరా?"

"ఆ... ఆ మాదిరే."

నమ్మాను. ఎందుకు నమ్మావు అంటావా? పదేళ్ల తర్వాత చేతిలోకి తీగ వచ్చిందమ్మా. వాడు ఇంకేం చెప్పినా నమ్మేదాన్నే. పక్కన వాడు చేసిన కాయిలొకటి ఉంది, గోరంత. తీసి చూశాను. ఒక చుట్టు ఎక్కి, ఒక చుట్టు దిగి ఉంది.

"ఎవురు చుట్టినార్రా దీన్ని? నిద్రలో చుట్టినారా?"

"నేనే అవ్వా."

"అదే అనుకున్నా. చువ్వ తిరగల్లరా, తీగ కాదు. నీ ఎడమ బొటనవేలు తీగను వెనక్కి గుంజతా ఉండల్ల. మొండి దూడను పలుపు పట్టి నడిపించినట్టు. విడిస్తే పోతాది, గట్టిగా గుంజితే తెగతాది. ఇటియ్యి."

సన్న చువ్వ మీద ఏడు చుట్లు వేసి వాడి అరచేతిలో పెట్టాను. చత్వారం కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. వాడు దాన్ని వెలుతురుకు ఎత్తి ఎంతసేపు చూశాడో!

ఆ మర్నాటినుంచి టిఫిన్లయ్యాక పదకొండింటిదాకా ఆ బాల్కనీలోనే మా కార్ఖానా. ఎదురుగా కొత్త టవరు కడుతున్నారు, క్రేను మెడ అటూ ఇటూ తిరిగేది. నేను పీట వేసుకునేదాన్ని, వాడు గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు. చిన్నప్పుడు కథలు చెప్పించుకున్నాక అంతసేపు నా దగ్గర కూర్చోవడం అదే. ఫోనులో బొమ్మలు చూపించేవాడు. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో చేత్తో చుట్టినవి. ఒక్కోదానికి ఒక్కో పేరు.

"ఇది ట్విస్టెడ్ అవ్వా. రెండు తీగలు మెలేసి చుట్టేది."

"పురి. తాడు పేనినట్టు. తర్వాత?"

"ఇది పారలల్. రెండు తీగలు పక్కపక్కన పెట్టి ఒకేసారి చుట్టాలి."

"జోడెడ్లు. ఇంకోటి చూపించు."

"ఇది క్లాప్టన్. చాలా ఫేమస్. ఒక లావు తీగకు సన్న తీగ ఒళ్లంతా చుట్టాలి, గిటారు తీగలాగా. అట్లా తయారైన దాన్ని మళ్లీ కాయిల్ చుట్టాలి."

దాన్ని పెద్దది చేయించి చూశాను. నాకు మా పెద్దమ్మ చెయ్యి గుర్తొచ్చింది, మణికట్టునుంచి మోచేతిదాకా గాజులే. "గాజుల చెయ్యిరా ఇది," అన్నాను. వాడు పడీపడీ నవ్వాడు. రెండు లావు తీగలకు కలిపి ఒకే సన్నతీగ తొడిగితే ఫ్యూజ్డ్ క్లాప్టన్ అట. దానికి జంటగాజులని పెట్టాను. బద్దీలాంటి పలచని తీగలు ఒకదాని మీద ఒకటి పేర్చి చుట్టేది స్టేపుల్; దాన్ని ఇస్తరాకుల కట్ట అన్నాను. అన్నిటికన్నా కష్టమైంది ఏలియన్. ముందు సన్నతీగను గాజుల్లా చుట్టి, లోపలి తీగను లాగేసి, ఆ వంకీల తీగను సాగదీసి, దాన్నే మళ్లీ మూడు తీగల మీద తొడగాలి. ఒంటినిండా అలలు తేలతాయి. వాడికి అది ఏడుసార్లు తెగింది.

"దీనికేం పేరు పెడతావు అవ్వా?"

"మురుకు. మీయమ్మ చేసే మురుకు. విరిగిపోయేది కూడా అట్లనే."

"నేను వింటానే ఉండా," అని లోపలినుంచి మీ అత్త రాజరాజేశ్వరి అరిచింది. "దీపావళికి నువ్వే చెయ్యి అత్తా మురుకులు, విరగకుండా!"

ఇంత సోకు ఎందుకురా కాయిలుకు అని అడిగాను ఒకసారి. తీగ ఒళ్లు ఎంత గరుకుగా ఉంటే అంత ద్రవం పట్టుకుంటుందట, అంత ఆవిరి వస్తుందట. సరే అగరొత్తు మిషను కదా, గది నిండాలంటే ఆవిరి కావాలి అనుకున్నాను. ఆ గదిలో మామిడిపండు వాసన వచ్చేది. మామిడికాయల కాలమే కాబట్టి అదీ పట్టించుకోలేదు.

గాజుల చెయ్యికి, చువ్వ తిప్పడానికి వాడు తెచ్చుకున్న డ్రిల్లు మిషను పనికిరాలేదు. గుంజి గుంజి తెంపేది. మా ఆయన చేత్తో తిప్పే చిన్న పిడి మిషనొకటి చేసుకున్నాడు, అది షెడ్డులోనే ఉండాలి. ఒక శనివారం వాడు కారులో బాలానగర్ తీసుకుపోయాడు. ఫ్లైఓవరు కడుతూ దారి మార్చేశారు గానీ, సందులోకి తిరగ్గానే ఆ ఇనప్పొడి వాసన, కోసిన లోహం వాసన, ఏమీ మారలేదు. షెడ్డు ఇప్పుడు నర్సింహది. మా దగ్గర పని నేర్చుకున్నవాడు. జుట్టంతా తెల్లబడింది.

"అక్కా! నువ్వేనా? జర ఆగు, కుర్చీ తెస్త. ఏందక్కా, గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా?"

"నువ్వు కాదులే, నా మిషను యాదికొచ్చింది."

"గదీ! గట్ల చెప్పు. అన్న మిషనును పారేస్తనా? గీజర్ రాడ్లకు మోటారు మిషన్లు తెచ్చిన గానీ దాన్ని మాత్రం తుడిచి పెట్టిన."

గుడ్డ విప్పి తెచ్చాడు. పిడికి మా ఆయన వేసిన చెక్క ముక్క అలాగే ఉంది, నా వేళ్లు పట్టుకున్నచోట గుంట పడి. నేను ఆ గుంటలో వేళ్లు పెట్టాను.

నర్సింహ చైతన్య చేతిలోని సన్నతీగను చూశాడు. "గింత సన్న తీగె దేనికి బాబూ?"

"ఆఫీసు ప్రాజెక్టు అంకుల్."

"ప్రాజెక్టా!" అని వాడి మొహంలోకి చూశాడు. "మంచిది, మంచిది. మస్తుమంది పిల్లగాండ్లు వస్తున్నరు గీ ప్రాజెక్టు కోసం తీగె అడుక్కుంట."

చైతన్య తల దించుకుని మిషను కారులో పెట్టడానికి పోయాడు. నర్సింహ నా దగ్గరికి వంగి, "అక్కా, అన్న మాట యాదున్నది కదా. ఎలిగించి చూడకుంట ఏ కాయిలూ గడప దాటనియ్యకు," అన్నాడు. చెప్పాల్సింది చెప్పేశాడు, అర్థం చేసుకోవాల్సింది నేను.

దారిలో అదే ఆలోచన. మూడు వారాలుగా చుడుతున్నాను, ఒక్కటీ వెలిగించి చూడలేదు. వాడి దగ్గర అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఉండేది. కాయిలు బిగించగానే దాని మీద పెట్టి చూసేవాడు, అది మినుక్కున వెలిగేది. మా షెడ్డులో టెస్టు బల్బు ఉండేది కదా, తీగ ఎక్కడా తెగలేదు అని చెప్పడానికి, అలాంటిదే అనుకున్నాను. బల్బు వెలగడం వేరు, కాయిలు ఎర్రబడటం వేరు.

మర్నాడు ఆదివారం. మీ మామ మధుసూదన్, మీ అత్త ఎవరిదో గృహప్రవేశానికి పోయారు. కొత్త మిషనుతో మొదటి గాజుల చెయ్యి చుట్టి, వాడికి ఇవ్వకుండా పిడికిట్లో పెట్టుకున్నాను.

"ఇది వెలిగేది నేను చూడల్ల."

"ఆఫీసులో ఉంటుందవ్వా మిషను."

"అయితే నన్ను ఆఫీసుకు పిలుచుకుపో. చీర మార్చుకొస్తా."

వాడు చాలాసేపు నా పిడికిలి వంక చూశాడు. లోపలికి పోయి ఒక ఇత్తడి గొట్టం తెచ్చాడు, మూడు వేళ్ల పొడవు, లోపల బ్యాటరీ. పైన చిన్న పళ్లెం, రెండు బుడిపెలు, స్క్రూలు. కాయిలు రెండు కొసలూ వాటిల్లో బిగించాడు. ఆ అగ్గిపెట్టె డబ్బా మీద పెట్టి చూశాడు. తర్వాత మీట నొక్కాడు.

నడిమధ్యన చిన్న ఎరుపు పుట్టింది. అటూ ఇటూ సమంగా పాకింది. కన్ను లేదు. బియ్యపుగింజ పెద్దదైనట్టు ఎర్రగా, ముద్దుగా ఉంది. నా కాయిలే తల్లీ, నా అరవై ఎనిమిదో ఏట! కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇంగ దీని మీద వండేదేంది?" అన్నాను.

వాడు దూది తీసి, సన్నగా పేని, కాయిలులోంచి దూర్చాడు. దీపం వత్తి లాగానే. మామిడి వాసన ద్రవం నాలుగు చుక్కలు వేశాడు. మూత బిగించాడు. అక్కడ ఆగిపోయాడు.

"కానీరా."

"అవ్వా..."

"వెలిగించి చూసేదే కదా కట్టుబాటు. కానీ."

వాడు దాన్ని నోట్లో పెట్టుకున్నాడు.

తెల్లగా పొగ, బాల్కనీ కమ్మీలదాకా. మేఘంలాగా.

నేను లేచాను. పీట గోడకు ఆనించాను. మిషను పిడికి గుడ్డ కప్పాను. "ఎరుపు మధ్యలోనించే వచ్చింది. బాగుంది," అన్నాను. తర్వాత తులసికుండీకి నీళ్లు పోశాను.

వాడు వెనకే వచ్చి చెప్పుకున్నాడు. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ సిగరెట్లు, రోజుకు పెట్టె. నాకు ఇచ్చిన మాట గుర్తొచ్చి వాటిని మానడానికి దీన్ని పట్టుకున్నాడట. ఇది పొగ కాదట, ఆవిరట. "మీ తాతక్కూడా బీడీ అంటే పొగాకేగానీ పొగ కాదురా," అనబోయి మింగేశాను. అరిస్తే ఎక్కడికి పోతాడో నాకు తెలుసు. ఒకసారి షెడ్డు వెనక్కి పంపినదాన్ని, మళ్లీ ఎలా పంపుతాను?

మర్నాడు మధ్యాహ్నం వాడు ఆఫీసుకు పోయాక మిషను ముందు కూర్చున్నాను. బీడీ ముట్టింది నా కాయిలు మీదే. ఇదీ నా కాయిలు మీదే. మానేస్తే వాడు మళ్లీ ఆ వంకర కాయిళ్లు చుట్టుకుంటాడు, లేదా సిగరెట్టుకు పోతాడు. చుడితే నేనే వాడికి పొగ వండి పెట్టినట్టు. అప్పుడు తట్టింది. పొయ్యి నాది. మంట ఎంత ఉండాలో చెప్పేది చుట్టినదే.

నీకు ఇది చెప్పాలి, చాలామందికి తెలియదు. తీగ ఎక్కువైతే వేడి ఎక్కువవుతుంది అనుకుంటారు. కాదు, తగ్గుతుంది. కరెంటు అంత దూరం నడవాలి కదా, అలసిపోతుంది. అందుకే తెగిన కాయిలును ముడేసుకున్న ఆడవాళ్ల పొయ్యిలు భగభగమని నాలుగు రోజుల్లో మళ్లీ తెగేవి, తీగ పొట్టిదయ్యేది. బ్యాటరీ అదే అయినప్పుడు, ఒక్క చుట్టు ఎక్కువ వేస్తే మంట ఒక్క మెట్టు దిగుతుంది. కంటికి తెలియదు.

వారం పదిరోజులకొక కాయిలు కావాలి వాడికి, ఉన్నది మాడిపోతుంది. మరుసటి ఆదివారం వాడి ముందే కూర్చుని, ఎప్పటి కబుర్లే చెబుతూ, ఏడు బదులు ఎనిమిది చుట్లు వేశాను.

"చాలా బాగుందవ్వా," అన్నాడు డబ్బా మీద పెట్టి చూసి.

దొంగతనం చేసినంత భయమేసింది నాకు. ఆ వానాకాలం అలా గడిచింది. ఒక వారం చుట్టు పెంచేదాన్ని, ఒక వారం అలాగే ఉంచేదాన్ని, అనుమానం రాకుండా. గాజుల చెయ్యి మాని మామూలు తీగకు తెచ్చాను, "నా వేళ్లు నొప్పిరా" అని అబద్ధమాడి. బోనాల డప్పులు కింద మోగుతున్న రోజున ఇరవై ఆరు గేజీ తీసేసి ఇరవై ఎనిమిది పెట్టాను. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం; తీగ సన్నబడినా మంట తగ్గుతుంది. మొదట్లో వాడు ఎక్కువసార్లు పీల్చాడు. నా లెక్క తప్పిందేమో, ఇంకా చెడగొడుతున్నానేమో అని రెండు వారాలు అన్నం సయించలేదు. ఎన్నిసార్లు మీట నొక్కాడో వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టేదాన్ని. శ్రావణం వచ్చేసరికి తగ్గాయి. మేఘం పోయి మంచయింది. మంచు పోయి ఉడుకుతున్న టీగ్లాసు మీద లేచే పొగంత అయింది.

ఒక్కోసారి అనుకుంటాను, నా బతుకులో అంత సుఖంగా ఉన్న పొద్దులు మళ్లీ లేవని. వాన జల్లు లోపలికి కొట్టేది. వాడు వాళ్ల తాత సంగతులు అడిగేవాడు. నేను పిడి తిప్పుతూ చెప్పేదాన్ని. వాడిని మోసం చేస్తూనే ఉన్నాను, అంత దగ్గరగానూ ఉన్నాను. రెండూ ఒకేసారి.

మీ అత్తకు మాత్రం వేరే దిగులు. "శ్రావణమాసంలో కూడా ఆ గదిలో మామిడిపండు వాసనేంది అత్తా? వీడు పండ్లు దాచిపెట్టి కుళ్లబెడుతున్నాడా?" అని పరుపు ఎత్తి మరీ వెతికింది.

వినాయకుడి నిమజ్జనం అయి వారం తిరిగింది. పొద్దున పదో కాయిలు చుట్టి ఇచ్చాను. వాడు డబ్బా మీద చూసుకుని, బిగించకుండానే జేబులో వేసుకుని, దోసె తినడానికొచ్చాడు. టీవీలో వార్తలు. ఆ ఆవిరి గొట్టాలు, ఈ-సిగరెట్లు అంటారట, దేశమంతటా బంద్ చేసింది ప్రభుత్వం, అమ్మకూడదు, కొనకూడదు.

"మంచి పని చేసినారు," అంది మీ అత్త. "ఏం చైతూ, మీ ఆఫీసులో ఎవరన్నా తాగుతారా అట్లాంటివి?"

"ఏమో అమ్మా."

నేను వాడి పళ్లెంలో ఇంకో దోసె వేశాను. వాడు వద్దనకుండా తిన్నాడు.

ఆ రోజునుంచి ఇత్తడి గొట్టం కనపడలేదు, ద్రవం సీసాలు కనపడలేదు. బాల్కనీకి రాలేదు. పొద్దున పడుకునే ఉండేవాడు, చిరాగ్గా ఉండేవాడు, అన్నం సగంలో వదిలేసేవాడు. నా గుండెలో ఒకటే మాట: ఆవిరి పోయింది, ఇప్పుడు సిగరెట్టుకు పోతాడు. ఉతకడానికి వేసిన ప్రతి చొక్కా జేబు దగ్గర ముక్కు పెట్టి చూసేదాన్ని. పది రోజులు చూశాను. పదకొండో రోజు వాడు స్నానానికి పోగానే వాడి అలమర తెరిచాను, సిగరెట్టు పెట్టె ఉందేమోనని. చీరెల్లో చెయ్యి పెట్టి వెతికే దొంగలాగా వెతికాను.

దొరికింది ఈ డబ్బా.

ఒక్కో కాయిలు కింద ఒక్కో కాగితం ముక్క ఉంది చూడు. వాడి రాత. అక్షరాలైతే నాకు తెలిసేవి కావు. అంకెలు. చదువు, నువ్వే చదువు. సున్నా చుక్క ఐదు. తర్వాత సున్నా చుక్క ఆరు. సున్నా చుక్క ఆరు, అది నేను చుట్టు పెంచని వారం. సున్నా చుక్క ఏడు. సున్నా చుక్క తొమ్మిది, అది గాజులు మాన్పించిన వారం. అలా ఎక్కుతూ ఎక్కుతూ, ఒకటి చుక్క ఆరు.

ఆ అగ్గిపెట్టె డబ్బా టెస్టు బల్బు కాదమ్మా. మీటరు. తీగ తెగిందా లేదా అని కాదు, ఎంత తీగ ఉందో ముక్క తేడా లేకుండా చెప్పే మీటరు. కాయిలు మరీ తక్కువైతే బ్యాటరీ పేలుతుందని, చూడకుండా వాడు ఒక్కటి కూడా బిగించేవాడు కాదు. మా షెడ్డులో మీటరు లేదు కాబట్టి, ప్రపంచంలోనే లేదనుకున్నాను నేను.

వెనక వాడు నిలబడి ఉన్నాడు, తల తుడుచుకుంటూ.

"ఎప్పుడు తెలిసిందిరా నీకు?" అన్నాను.

"ఎనిమిది చుట్లప్పుడే అవ్వా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు చుట్టడం మానేస్తావని."

తువ్వాలు భుజాన వేసుకుని నా పక్కన నేల మీద కూర్చున్నాడు. "నువ్వు తీగ పెంచుతుంటే నేను ద్రవంలో నికొటిన్ తగ్గించుకుంటూ వచ్చాను. చివరి రెండు వారాలు అందులో ఏమీ లేదు, ఉత్త మామిడి వాసనే. కానీ అది కూడా మానేస్తే పొద్దున్నే బాల్కనీలో కూర్చోడానికి సాకు ఉండదు కదా."

"సాకు ఎందుకురా? ఊరికే వచ్చి కూర్చోకూడదా?"

ఒక ఇంట్లో ఉండి, ఊరికే కూర్చోవడం ఎప్పుడు మర్చిపోయామో ఎవరికి తెలుసు.

అంతటితో అయిపోయిందని చెప్పను, అబద్ధమవుతుంది. కార్తీకంలో ఒకరోజు చొక్కాకు సిగరెట్టు వాసన వచ్చింది. నేను ఏమీ అనకుండా ఉతికేశాను. మర్నాడు పొద్దున వాడే లేచి బాల్కనీలోకి వచ్చాడు, మొహం ముడుచుకుని.

"తీగ ఉందా అవ్వా?"

"ఉంది."

ఆ రోజు మురుకు చుట్టాం. తెగకుండా వచ్చింది, మొదటిసారి. దానికి పొయ్యి లేదు, వండేదేమీ లేదు. నువ్వు రోజూ తలుపు తీసే తాళంచెవుల గుత్తికి అలల అలల తీగ వేలాడుతుంటుంది కదా, అదే ఇది. ఆ తర్వాత నాకు మళ్లీ చొక్కాకు వాసన తగల్లేదు.

అదుగో, లిఫ్టు చప్పుడు. వాడే అయ్యుంటాడు. మూత పెట్టు. అలమరలో పైఅరలో పెట్టు, చీరెల వెనక కాదు, కనపడేచోట. నేను ఎన్నాళ్లుంటానో తెలియదు, నీకు పిల్లలు పుట్టి దీన్ని తెరిచేనాటికి నా నోరు ఉండదు. నువ్వే చెప్పాలి. నేను చెప్పినట్టే చెప్పు, గాజుల చెయ్యి, జోడెడ్లు, ఇస్తరాకుల కట్ట, ఆ పేర్లతోనే. అంకెలు వరుస తప్పకుండా చదివి వినిపించు. పదోదాన్ని మాత్రం వాళ్ల చేతిలో పెట్టి ఊరుకో. ఈ పదింటిలో వెలిగించి చూడకుండా ఈ అవ్వ చేతినుంచి గడప దాటిన కాయిలు అదొక్కటే. ఎందుకు నల్లబడలేదో వాళ్లనే అడగనివ్వు.